గంటలు గడిచేకొద్దీ తగ్గే రక్షణ: అత్యవసర గర్భనిరోధక మాత్రపై అవగాహన అవసరం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: కండోమ్ చిరిగిపోతుంది. రోజూ వేసుకోవలసిన మాత్రలు రెండు మూడు రోజులు మరచిపోతారు. ఏ జాగ్రత్తా లేకుండానే కలయిక జరిగిపోతుంది. ఇటువంటి సందర్భాల్లో అవాంఛిత గర్భాన్ని నివారించుకునేందుకు మహిళకు మిగిలే గడువు మూడు నుంచి అయిదు రోజులు మాత్రమే. ఆ గడువులో ఏం చేయాలో తెలియనివారు, తెలిసినా అడగడానికి సంకోచించేవారు నెల తప్పేవరకు ఎదురుచూస్తారు. అప్పుడు మందుల దుకాణానికి వెళ్ళి 'మాత్ర' అడుగుతారు. అప్పటికి ఆ మాత్ర పనిచేసే కాలం దాటిపోయి ఉంటుంది. గర్భం రాకుండా ఆపే మాత్ర, వచ్చిన గర్భాన్ని తొలగించే మాత్ర ఒకటేనన్న అపోహ చదువుకున్నవారిలోనూ ఉంది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా తెలియకపోవడమే ప్రాణాల మీదికి తెస్తోంది.

ఏమిటీ మాత్ర?

అత్యవసర గర్భనిరోధక మాత్రలో ఉండే మందు పేరు లీవోనోర్‌జెస్ట్రెల్. మోతాదు 1.5 మిల్లీగ్రాములు. నిత్యం వాడే గర్భనిరోధక మాత్రల్లో ఉండే హార్మోను తరగతికి చెందినదే ఇది కూడా. మన దేశంలో ఈ మందుకు 2001లో అనుమతి లభించింది. 2002-03లో కేంద్ర ప్రభుత్వం దీనిని కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో చేర్చింది. అప్పట్లో 0.75 మిల్లీగ్రాముల మాత్రలు రెండింటిని 12 గంటల తేడాతో వేసుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఒకే మాత్ర సరిపోతుంది. వైద్యుని చీటీ లేకుండా దుకాణాల్లో విక్రయించేందుకు 2005లో వీలు కల్పించారు. సిప్లా సంస్థ 2007లో 'ఐ-పిల్' పేరుతో దీనిని మార్కెట్లోకి తెచ్చి, టీవీల్లో విస్తృతంగా ప్రచారం చేసింది. 2010లో ఆ బ్రాండును పిరమల్ సంస్థ కొనుగోలు చేసింది. 'అన్‌వాంటెడ్-72' వంటి మరికొన్ని పేర్లతోనూ ఇదే మందు లభిస్తోంది. ప్రభుత్వం ఆశా కార్యకర్తల ద్వారా అందించే మాత్ర పేరు 'ఈజీ పిల్'. పేర్లు వేరైనా లోపలి మందు ఒక్కటే.

ఎలా పనిచేస్తుంది?

నెలకొకసారి స్త్రీ అండాశయం నుంచి ఒక అండం విడుదలవుతుంది. విడుదలైన అండం 12 నుంచి 24 గంటలు మాత్రమే సజీవంగా ఉంటుంది. పురుషుని వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల వరకు జీవించి ఉండగలవు. అంటే సోమవారం కలయిక జరిగి, గురువారం అండం విడుదలైనా గర్భం నిలిచే అవకాశం ఉంది. ఈ మధ్య వ్యవధిలోనే అత్యవసర మాత్రకు పని. అది అండం విడుదలను ఆపుతుంది లేదా కొన్ని రోజులు వాయిదా వేస్తుంది. ఆలోగా వీర్యకణాలు నశిస్తాయి.

అండం అప్పటికే విడుదలైపోతే ఈ మాత్ర చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. గర్భసంచిలో పిండం కుదురుకున్న తర్వాత వేసుకుంటే గర్భం పోదు. గర్భం ఉన్న విషయం తెలియక పొరపాటున వేసుకున్నా పిండానికి హాని జరిగినట్లు ఆధారాలు లేవు. కాబట్టి ఇది గర్భస్రావ మాత్ర కాదు.

ఆలస్యం చేస్తే ఫలితం తగ్గుతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో పలు దేశాల మహిళలపై జరిపిన అధ్యయనం ఫలితాలు 1998లో వెలువడ్డాయి. వాటి ప్రకారం కలయిక జరిగిన 24 గంటల్లోపు మాత్ర వేసుకున్నవారిలో, మాత్ర లేకుంటే రావలసిన గర్భాల్లో 95 శాతం నివారించగలిగారు. 25 నుంచి 48 గంటల మధ్య వేసుకున్నవారిలో ఇది 85 శాతం. 49 నుంచి 72 గంటల మధ్య వేసుకున్నవారిలో 58 శాతానికి పడిపోయింది. 72 గంటల గడువు ఉంది కదా అని మూడో రోజు వరకు ఆగడం సరికాదని దీన్నిబట్టి అర్థమవుతోంది.

శనివారం రాత్రి కండోమ్ చిరిగితే సోమవారం ఉపకేంద్రం తెరిచేదాకా ఆగనవసరం లేదు. ఆదివారం ఉదయమే తెరిచి ఉన్న మందుల దుకాణంలో కొని వేసుకోవచ్చు. ఇందుకు భర్త సంతకం గాని, పెళ్లయినట్లు రుజువు గాని అవసరం లేదు. భార్య తరఫున భర్త కూడా కొని తేవచ్చు.

'క్షేమ దినాల' లెక్క ఎందుకు తప్పుతుంది?

ముట్టయిన 14వ రోజున అండం విడుదలవుతుందని, ఆ రోజు తప్ప మిగిలిన రోజుల్లో భయం లేదని చాలామంది భావిస్తారు. ఇది సగమే నిజం. అండం విడుదలయ్యేది తరువాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 28 రోజుల రుతుక్రమం ఉన్నవారికి అది 14వ రోజు అవుతుంది. 35 రోజులకు ఒకసారి నెలసరి వచ్చేవారికి 21వ రోజు. 21 రోజులకే వచ్చేవారికి 7వ రోజు. అంటే నెలసరి ముగిసీ ముగియగానే అన్నమాట. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు కలిపి మొత్తం ఆరు రోజులు గర్భం నిలిచే అవకాశం ఉన్న కాలం. నాట్లు, కోతల కాలంలో శ్రమ, నిద్రలేమి, జ్వరం, ఆందోళన వంటి కారణాలతో అండం విడుదల ముందు వెనుకలు కావచ్చు. అందువల్ల రోజుల లెక్కను నమ్ముకుని మాత్ర వేసుకోవడం మానుకోవడం మంచిది కాదు.

ముప్పు ఏయే సందర్భాల్లో?

కండోమ్ చిరిగినా, జారిపోయినా, అసలు వాడకపోయినా గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. మాలా-ఎన్ వంటి నిత్యం వేసుకునే మాత్రలు వరుసగా రెండు లేదా అంతకంటే ఎక్కువ రోజులు మరచిపోయినప్పుడు రక్షణ తగ్గుతుంది. మూడు నెలలకొకసారి తీసుకునే 'అంతర' ఇంజెక్షన్ గడువు నాలుగు వారాలకు మించి దాటినా అంతే. వీర్యం బయట విడిచే పద్ధతి నమ్మదగినది కాదు. తొలి కలయికలో గర్భం రాదన్నది నిజం కాదు.

భర్త వ్యాసెక్టమీ చేయించుకున్న మరుసటి రోజు నుంచే నిశ్చింత అనుకోవడం మరో పొరపాటు. శస్త్రచికిత్స తర్వాత మూడు నెలల పాటు వీర్యంలో కణాలు మిగిలి ఉండవచ్చు. పరీక్ష చేయించుకుని కణాలు లేవని తేలేవరకు కండోమ్ వాడాలి.

పాలిచ్చే తల్లికి గర్భం రాదన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. ఇది వర్తించాలంటే మూడు షరతులు ఒకేసారి నెరవేరాలి. బిడ్డకు ఆరు నెలల లోపు వయసుండాలి. పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వకూడదు. నెలసరి తిరిగి మొదలై ఉండకూడదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా గర్భం రావచ్చు. నెలసరి తిరిగి రాకముందే తొలి అండం విడుదలవుతుంది కనుక, ముట్టు కాకుండానే మళ్ళీ గర్భం ధరించినవారు ఉన్నారు. పాలిచ్చే తల్లులు అత్యవసర మాత్ర వేసుకోవచ్చు.

వేసుకునే పద్ధతి

మాత్రను నీటితో ఒకేసారి మింగాలి. ఏదైనా తిన్న తర్వాత వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మరో మాత్ర వేసుకోవాలి. కొందరిలో వికారం, తలనొప్పి, కళ్లు తిరగడం, రొమ్ముల్లో సలపరం, కొద్దిపాటి రక్తపు మరక కనిపించవచ్చు. ఇవి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. తరువాతి నెలసరి కొద్దిరోజులు ముందుగా గాని ఆలస్యంగా గాని రావచ్చు. మరక కనిపించినంత మాత్రాన గర్భం రాలేదని నిర్ధారించుకోరాదు.

ఈ మాత్ర వేసుకున్న తర్వాత జరిగే కలయికలకు రక్షణ ఉండదు. అండం విడుదల వాయిదా మాత్రమే పడింది కనుక, ఆ తర్వాత జాగ్రత్త లేకుండా కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుచేత అదే రోజు నుంచి కండోమ్ వాడాలి. నిత్యం వేసుకునే మాత్రలను కూడా వెంటనే మొదలుపెట్టవచ్చు. అయితే తొలి 7 రోజులు కండోమ్ తప్పనిసరి.

క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటోన్ వంటి మందులు ఈ మాత్ర శక్తిని తగ్గిస్తాయి. అధిక బరువు ఉన్నవారిలోనూ ప్రభావం తగ్గే అవకాశం ఉంది. ఇటువంటివారు మాత్రపైనే ఆధారపడకుండా వైద్యులను సంప్రదించి కాపర్-టి గురించి అడగడం మేలు.

కాపర్-టి మరింత నమ్మకం

అత్యవసర సమయంలో కాపర్-టి కూడా పనికొస్తుందన్న విషయం చాలామందికి తెలియదు. కలయిక జరిగిన అయిదు రోజుల్లోపు వేయించుకుంటే 99 శాతానికి పైగా రక్షణ లభిస్తుంది. మాత్ర కంటే ఇది మెరుగైనది. పైగా 380-ఎ రకం పదేళ్ల వరకు పనిచేస్తుంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. శిక్షణ పొందిన వైద్యురాలు లేదా నర్సు మాత్రమే దీనిని అమర్చాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. గర్భం లేదని నిర్ధారించుకున్న తర్వాతనే వేస్తారు.

పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి?

మాత్ర వేసుకున్నవారిలోనూ నూటికి ఒకరిద్దరికి గర్భం రావచ్చు. నెలసరి రావలసిన తేదీ దాటి వారం గడిచినా రాకపోతే పరీక్ష చేసుకోవాలి. నెలసరి క్రమం తప్పినవారు కలయిక జరిగిన మూడు వారాల తర్వాత పరీక్షించుకుంటే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. అంతకంటే ముందు చేస్తే గర్భం ఉన్నా లేనట్లు చూపవచ్చు. ఉదయం తొలి మూత్రంతో పరీక్ష చేయడం మంచిది. ప్రభుత్వం సరఫరా చేసే 'నిశ్చయ్' కిట్లు ఆశా కార్యకర్తల వద్ద, ఉపకేంద్రాల్లో లభిస్తాయి. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం వంటి లక్షణాలు ఉంటే అండవాహికలో గర్భం నిలిచిందేమోనని అనుమానించాలి. అది ప్రాణాపాయం. 108కు ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ మాత్ర వేరు.. ఈ మాత్ర వేరు

నెల తప్పిన తర్వాత కొందరు దుకాణాల్లో అడిగి తెచ్చుకునేది మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రల కిట్టు. ఇవి గర్భస్రావం కలిగించేవి. వైద్యుని చీటీ లేకుండా విక్రయించడం నేరం. తొమ్మిది వారాల లోపు గర్భానికి మాత్రమే, అదీ వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. నెలలు లెక్క తెలియకుండా, గర్భం గర్భసంచిలోనే ఉందో లేదో చూడకుండా ఇంట్లో వేసుకుంటే గర్భస్రావం అసంపూర్తిగా మిగిలి తీవ్ర రక్తస్రావం, ఇన్ఫెక్షన్ కలుగవచ్చు. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోయేంత రక్తస్రావం, చలిజ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు. జరిగింది దాచిపెట్టకుండా వైద్యులకు చెబితేనే సరైన చికిత్స అందుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం 1971లో వచ్చింది. 2021లో దానిని సవరించారు. 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయంతో గర్భవిచ్ఛిత్తి చేయించుకోవచ్చు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు వైద్యుల అభిప్రాయం అవసరం. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భిణిగా ఉండగా భర్తను కోల్పోయినవారు లేదా విడాకులు పొందినవారు, వికలాంగులు వంటి వర్గాలకు ఈ వెసులుబాటు ఉంది. గర్భనిరోధక సాధనం విఫలం కావడాన్ని కూడా చట్టం ఒక కారణంగా గుర్తించింది. వివాహిత అన్న పదం స్థానంలో 'ఏ స్త్రీ అయినా' అన్న అర్థం వచ్చే మాటను సవరణ చేర్చింది. అవివాహితలకు కూడా 24 వారాల వరకు సమాన హక్కు ఉందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

18 ఏళ్లు నిండిన మహిళ సమ్మతి ఒక్కటే చాలు. భర్త, తల్లిదండ్రుల అనుమతి అక్కరలేదు. మైనర్లయితే సంరక్షకుల సమ్మతి తప్పనిసరి. వివరాలు బయటపెట్టినవారికి ఏడాది వరకు జైలు శిక్ష విధించవచ్చు. మైనర్ల విషయంలో పోక్సో చట్టం కింద పోలీసులకు సమాచారం ఇవ్వవలసి ఉన్నప్పటికీ, బాలిక, ఆమె సంరక్షకులు కోరితే ఆమె గుర్తింపును వెల్లడించనవసరం లేదని అదే తీర్పులో న్యాయస్థానం స్పష్టం చేసింది.

ఇక్కడ ఒక మాట విషయంలో జాగ్రత్త అవసరం. చట్టంలో చెప్పిన 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్' అంటే గుర్తింపు పొందిన వైద్య పట్టా, నిర్దేశిత శిక్షణ ఉన్న డాక్టరు. మన పల్లెల్లో 'ఆర్‌ఎంపీ' అని పిలిచేది పట్టా లేని గ్రామీణ వైద్యులను. పొడి అక్షరాలు ఒకటే అయినా గర్భవిచ్ఛిత్తి చేసే అధికారం వీరికి లేదు.

లైంగిక దాడి జరిగితే..

లైంగిక దాడికి గురైన మహిళలు, బాలికలకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఏవైనా ఉచితంగా, తక్షణమే ప్రథమ చికిత్స, వైద్యం అందించాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 397వ సెక్షన్ ఈ విషయాన్ని నిర్దేశిస్తోంది. చికిత్స నిరాకరించడం శిక్షార్హమైన నేరం. అత్యవసర గర్భనిరోధక మాత్ర ఇవ్వడం ఈ చికిత్సలో భాగమని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో విడుదల చేసిన మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులను కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. పోలీసు కేసు నమోదయ్యేదాకా చికిత్స కోసం ఆగనవసరం లేదు. మహిళలు 181, బాలలు 1098 నంబర్లకు ఫోన్ చేసి సాయం కోరవచ్చు. జిల్లా సఖి కేంద్రంలో ఆశ్రయం, న్యాయ సలహా లభిస్తాయి.

ఎక్కడ లభిస్తాయి?

ఉమ్మడి నల్గొండ నుంచి 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా వేరుపడింది. కోదాడ ఈ జిల్లాలోకి రాగా, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. సూర్యాపేట, నల్గొండలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభం కావడంతో అనుబంధ జనరల్ ఆసుపత్రుల్లో స్త్రీ వైద్య నిపుణుల సేవలు చేరువయ్యాయి. మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రి, కోదాడ ప్రభుత్వ ఆసుపత్రులకు చుట్టుపక్కల మండలాల వారు వెళ్లవచ్చు. గ్రామాల్లో తొలి ఆధారం ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. గర్భనిరోధక సాధనాలను ఇంటి వద్దకే చేర్చే పథకాన్ని కేంద్రం 2011లో ప్రారంభించింది. అందులో అత్యవసర మాత్ర ధరను 2 రూపాయలుగా నిర్ణయించారు. ఇంటి పక్కనే ఉండే కార్యకర్తను అడగడానికి మొహమాటపడేవారు పట్టణంలోని ఏ మందుల దుకాణంలోనైనా కొనుక్కోవచ్చు. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసుకోవడం మరచిపోరాదు.

నిత్యం వాడదగినవి వేరే ఉన్నాయి

అత్యవసర మాత్రను నెలలో పలుమార్లు వేసుకున్నంత మాత్రాన ప్రాణాపాయం లేదు. పిల్లలు పుట్టకుండా పోతారన్న భయానికీ ఆధారం లేదు. అయితే నెలసరి గాడి తప్పుతుంది. నిత్యం వాడే సాధనాలతో పోలిస్తే రక్షణ తక్కువ. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కుటుంబ నియంత్రణ పాటిస్తున్నవారిలో అత్యధికులు ఎంచుకున్నది మహిళల కు.ని. శస్త్రచికిత్సనే. 20-24 ఏళ్ల యువతుల్లో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లి జరిగినట్లు అదే సర్వే తెలిపింది. పెళ్లికి, శస్త్రచికిత్సకు మధ్య ఉన్న ఏళ్లలో ఏ సాధనం వాడాలో చెప్పేవారు లేకపోవడమే అసలు లోటు.

కండోమ్‌లు, మాలా-ఎన్ మాత్రలు, 2017లో ప్రవేశపెట్టిన 'అంతర' ఇంజెక్షన్, 'ఛాయ' మాత్రలు ఈ కాలానికి ఉద్దేశించినవే. ఛాయ మాత్రను తొలి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ఇందులోని మందును లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించింది. ప్రసవమైన 48 గంటల్లోపు ఆసుపత్రిలోనే కాపర్-టి వేయించుకునే వీలు కూడా ఉంది.

అపోహలు - వాస్తవాలు

* బొప్పాయి, నువ్వులు-బెల్లం తింటే గర్భం రాదన్నది అపోహ. ఇవి గర్భనిరోధకాలు కావు.

* కలయిక తర్వాత నీటితో కడుక్కుంటే సరిపోతుందన్నది అపోహ. వీర్యకణాలు నిమిషాల వ్యవధిలోనే గర్భసంచి ముఖద్వారం దాటుతాయి.

* మాత్ర వేసుకుంటే సుఖవ్యాధులు రావన్నది అపోహ. హెచ్‌ఐవీ, ఇతర సుఖవ్యాధుల నుంచి కండోమ్ మాత్రమే రక్షణనిస్తుంది.

* నెల తప్పాక రెండు మూడు అత్యవసర మాత్రలు కలిపి వేసుకుంటే గర్భం పోతుందన్నది అపోహ. ఎన్ని వేసుకున్నా ఫలితం ఉండదు. విలువైన సమయం వృథా అవుతుంది.

గుర్తుంచుకోవలసిన గడువులు

* మాత్రకు 72 గంటలు. తొలి 24 గంటల్లో వేసుకుంటే అత్యధిక ఫలితం.

* కాపర్-టికి అయిదు రోజులు.

* గర్భ నిర్ధారణ పరీక్షకు కలయిక తర్వాత మూడు వారాలు.

* మాత్రలతో గర్భవిచ్ఛిత్తికి తొమ్మిది వారాల లోపు, వైద్యుని పర్యవేక్షణలో.

* ఒక వైద్యుని అభిప్రాయంతో గర్భవిచ్ఛిత్తికి 20 వారాలు.

ఒక గడువు దాటినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు. తరువాతి గడువు మిగిలే ఉంటుంది. ఏ దశలోనైనా పట్టా ఉన్న వైద్యుల వద్దకు వెళ్లడమే క్షేమం.